పసుపు బొట్ల దారి

పోయిన నెల మా హైకింగ్ క్లబ్బు నుంచి ఈమెయిల్ వచ్చింది. మార్గరెట్ అనే పెద్దావిడ సొంత అడవిలోంచి పోయే పసుపు ట్రయిల్‌ను మూసేస్తున్నారట. చెట్ల మీది గుర్తులన్నీ బూడిదరంగు పెయింటుతో కప్పేయాలట. పెయింటూ బ్రష్షులూ వాళ్లే ఇస్తారు, మధ్యాహ్నం తిండి మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. కింద 'హ్యాపీ ట్రయిల్స్' అని రాసి, ఓ నవ్వుమొహం బొమ్మ పెట్టి, కెవిన్ అని సంతకం. కెవిన్ మా క్లబ్బులో దారుల బాగోగులు చూసే కుర్రాడు. చాలా మంచివాడు. చావు కబురు కూడా నవ్వుమొహం లేకుండా పంపలేడు.

ఇక్కడి అడవి దారుల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా ఒంటారియోలో ఇలాంటి దారులు చాలాచోట్ల ఎవరిదో ఒకరి సొంత స్థలంలోంచే పోతాయి. ఆ మనిషి 'సరే, నడవండి' అంటే నడుస్తాం, 'ఇంక చాలు' అంటే మానేస్తాం. పత్రం లేదు, రిజిస్ట్రేషన్ లేదు. పొలం గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కే జిల్లా నుంచి వచ్చినదాన్ని గనక, ఈ ఏర్పాటు నాకు మొదట్లో అబద్ధంలా వినిపించేది. మార్గరెట్ ఒకప్పుడు మాకు నోటిమాట ఇచ్చింది. ఆవిడ పోయింది. ఆవిడ మనవడు స్థలం అమ్మేశాడు. కొన్నాయనకు తన పెరట్లోంచి ముక్కూమొహం తెలియనివాళ్లు నడవడం ఇష్టం లేదు. ఆయన తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ ఈమెయిల్ చదివాక కాఫీ సహించలేదు.

'నేనూ వస్తాను' అని జవాబు రాశాను. మా ఆయన మురళి కళ్లజోడు పైనుంచి చూశాడు. "మోకాలు నొస్తుందని వారం సంది మూలుగుతున్నవ్. ఇంట్ల మెట్లెక్కనీకి రాదు గానీ అడవికి పోతవా?" అన్నాడు. వరంగల్ వదిలి ఇన్నేళ్లయినా ఎత్తిపొడుపు మాత్రం అక్కడిదే. "మెట్లెక్కితే పైన ఏముంది, మడతపెట్టాల్సిన బట్టలు. అడవిలో కనీసం గాలన్నా ఉంటుంది" అన్నాను.

బేస్‌మెంట్‌లో పాత బూట్ల కోసం వెతుకుతుంటే వాటి వెనకాల నా మొదటి రక్‌శాక్ దొరికింది. బూట్ల అడుగులు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి గానీ, సంచి పక్క జేబులోని ఇత్తడి భరిణె మాత్రం చెక్కుచెదరలేదు. అది అనసూయ ఆంటీది. మూత బిగుసుకుపోయింది. మా అమ్మాయి మేఘ వేడినీళ్లలో పెట్టి తీసింది. అడుగున గట్టిపడిన పసుపు, దాంతో పాటు మురిగిన నువ్వులనూనె వాసన. "వాట్ ఈజ్ దిస్, అమ్మా? ఓల్డ్ మేకప్?" అంది. ఈ దేశంలో పుట్టి, యూనివర్సిటీ చదువు వెలగబెట్టి, పసుపును చూసి మేకప్పా అని అడిగే పిల్లకు ఏం చెప్పను? మేం ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక అడవి దారి మూతపడబోయిందీ, చివరికి నిలబడిందీ కూడా ఈ భరిణె మూలంగానే అంటే, అమ్మకు వయసు మీదపడుతోంది అనుకుంటుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

అప్పట్లో మేం కిచెనర్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అమెరికాలో వీసా గడువు అయిపోతుంటే మురళి ఇక్కడ టెక్ ఉద్యోగం సంపాదించుకుని సరిహద్దు దాటాడు. నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగం మానేసి అతని వెనకాల వచ్చాను. ఎం.కాం. ఫస్టు క్లాసు, బ్యాంకులో అనుభవం, ఇవన్నీ ఇంటర్వ్యూల్లో గుక్కతిప్పుకోకుండా చెప్పేదాన్ని. వాళ్లు ఎంతో మర్యాదగా విని, "వండర్‌ఫుల్! మరి కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్ ఏమైనా ఉందా?" అనేవాళ్లు. ఉద్యోగం చేస్తే గానీ ఆ అనుభవం రాదు, ఆ అనుభవం ఉంటే గానీ ఉద్యోగం ఇవ్వరు. కొత్తగా వచ్చినవాళ్లకు సలహాలిచ్చే ఆఫీసులో ఒకావిడ దీనికి మందు చెప్పింది. వాలంటీరింగ్ చేయమంది. ఊరికే పనిచేసి పెడితే, చేయించుకున్నవాళ్లు మన గురించి రెండు మంచి ముక్కలు చెబుతారు. ఆ రెండు ముక్కలే కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్. ఈ రహస్యం తెలుగువాళ్లందరికీ పాకడానికి ఒక్క పుట్టినరోజు పార్టీ చాలింది.

లైబ్రరీలో అప్పటికే మనవాళ్లు నిండిపోయారు. ఆస్పత్రిలో చక్రాల కుర్చీలు తోయడానికి కూడా క్యూ ఉంది. ఖాళీగా మిగిలింది అడవి ఒక్కటే. అలా ఒక ఆదివారం పొద్దున, కిచెనర్ నుంచీ ఎటోబికో నుంచీ కార్లకు కార్లు వచ్చి మార్గరెట్ పొలం పక్కన దిగాం. క్లబ్బు తరఫున ఆ దారి చూసుకునేది డగ్ అనే పెద్దాయన, ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏళ్లతరబడి ఒకరిద్దరు ముసలివాళ్లతో కొమ్మలు కత్తిరించుకుంటూ వస్తున్న ఆయనకు, హఠాత్తుగా ఇంతమంది పడుచువాళ్లు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని ప్రత్యక్షమయ్యేసరికి పట్టలేనంత సంతోషమేసింది. అడవి మీద మీకింత ప్రేమా అని మా చేతులు పట్టుకుని ఊపేశాడు. మా వాళ్లలో ఒకడు ఇంకా రంపం పట్టుకోకముందే "సర్, రిఫరెన్స్ ఇస్తారు కదా?" అని అడిగేశాడు. డగ్‌కి అర్థం కాలేదు గానీ ఇస్తానన్నాడు. దాంతో అడవి మీద మా అందరి ప్రేమా రెట్టింపైంది.

మా దండుకు నాయకురాలు అనసూయ ఆంటీ. మురళి ఆఫీసులో పనిచేసే రవి వాళ్లమ్మ. తెనాలిలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆవిడకు కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు. ఆవిడ ఎక్స్‌పీరియన్సే కెనడాకు అవసరమని ఆవిడ నమ్మకం. పట్టుచీర కాదు గానీ వెంకటగిరి నేతచీర, దాని మీద కొడుకు చలికోటు, కాళ్లకు కోడలి స్నీకర్లు, మెళ్లో ఈల. అడవిలోకి అడుగు పెట్టగానే హాజరు తీసుకునేది. పేరు పిలిస్తే 'ప్రెజెంట్ ఆంటీ' అనాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టీమ్ లీడర్లు, అమెరికా చూసొచ్చినవాళ్లు, అందరూ చెట్ల మధ్య నిలబడి బుద్ధిగా 'ప్రెజెంట్ ఆంటీ' అనేవాళ్లు. డగ్ కూడా రెండో వారానికల్లా చెయ్యెత్తడం నేర్చుకున్నాడు.

ఆదివారం వచ్చిందంటే ఇంకా తెల్లారకముందే ఆవిడ వంటింట్లో చింతపండు గుజ్జు ఉడుకుతుండేది. నేను మురళిని నిద్రపోనిచ్చి, కింది అంతస్తులోని ఆవిడ ఇంటికి సాయానికి వెళ్లేదాన్ని. కారిడార్ మొదట్లోనే ఇంగువ వాసన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది. అదే వాసన గురించి ఎదురింటివాళ్లు మేనేజర్‌కి ఫిర్యాదు చేశారు. ఏదో గ్యాస్ లీకవుతోందని మనిషిని కూడా పంపించారు. ఆ వచ్చినతను పులిహోర తిని, లీకేమీ లేదని చెప్పి వెళ్లాడు. ఆంటీ పెద్ద బేసిన్‌లో అన్నం ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, వేరుశనగ పలుకులు వేయించి పోసేది. గరిటె వాడేది కాదు, చేత్తోనే కలిపేది. కలుపుతున్నంతసేపూ హాస్టల్ కబుర్లు. ఎవరు గోడ దూకారు, ఎవరు అన్నం మానేసి ఏడ్చారు, ఎవరికి ఉద్యోగం వచ్చింది. "ఏమే వసూ, నువ్వేంటి ఇవాళ అంత దిగాలుగా ఉన్నావు? మళ్లీ ఇంటర్వ్యూలో పొమ్మన్నారా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగేది. ఆ ఊళ్లో వారం మొత్తంలో నన్ను ఏమే అని పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు.

పనిముట్ల కంటే మా తిండి సంచులే బరువుగా ఉండేవి. క్లబ్బులోని పాత సభ్యులు జేబులోంచి ఒక గింజల బిస్కట్టు తీసి, నిలబడే తినేసి, అదే భోజనం అనుకునేవాళ్లు. మేము దుప్పట్లు పరిచి, పేపరు ప్లేట్లు పెట్టి, దద్దోజనంతో ముగించేదాకా లేచేవాళ్లం కాదు. పని ఎంత చేశామని అడగొద్దు. డగ్ మాకు కొమ్మలు ఎంతవరకు కత్తిరించాలో, వాననీళ్లు దారి మీద నిలవకుండా కాలువ ఎలా తీయాలో ఓపిగ్గా చెప్పేవాడు. చెట్ల మీద నిలువుగా ఒక తెల్లగుర్తు ఉంటే నేరుగా పోవాలని, ఒకదాని మీద ఒకటి రెండుంటే మలుపు ఉందని నేర్పాడు. ఆకులు రాలే కాలంలో కాలిబాట కనపడదు, అప్పుడు నడిచేవాడికి ఆ గుర్తులే దిక్కు, వాటిని మించిన పవిత్రమైనది ఈ అడవిలో లేదు అన్నాడు. పవిత్రం అనే మాట విని ఆంటీ భరిణె బయటికి తీసింది.

అప్పటినుంచీ ఏ కొమ్మ కొయ్యాలన్నా ముందు ఆ చెట్టుకు బొట్టు పెట్టాల్సిందే. "కోసేముందు అడగాలి కదే. అడక్కుండా చెయ్యేస్తే అది దొంగతనం" అనేది. రంపాలకు బొట్లు, పొడుగు పిడుల కత్తెరలకు బొట్లు, తోపుడుబండికి బొట్టు. దసరా పండక్కి డగ్ కారు బానెట్ మీద కూడా పెట్టి, టైరు కింద నిమ్మకాయ తొక్కించింది. ఆయన ఆ పాత కారును ఎప్పుడో అమ్మేద్దామనుకున్నవాడు కాస్తా, ఆశీర్వాదం జరిగింది కదా అని ఇంకా నడుపుకున్నాడు.

కార్తీకమాసం వచ్చింది. ఆదివారం వనభోజనాలు చేయాల్సిందే అంది ఆంటీ. వారం వారం మనం చేస్తున్నది అదే కదా అని రవి గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. ఉసిరిచెట్టు కింద తినాలి. ఒంటారియో అడవిలో ఉసిరిచెట్టు ఎక్కడ తెస్తాం? "చెట్టు లేకపోతే కాయ ఉందిగా" అని ఉసిరికాయ పచ్చడి సీసా సంచిలో వేసుకుంది. ఏదైనా మంచి చెట్టు మొదట్లో ఆ సీసా పెడితే అదే ఉసిరిచెట్టని తీర్మానం. ఆ చెట్టు వెతకడానికి నన్ను వెంటబెట్టుకుని తెల్లగుర్తుల దారి వదిలి పక్కకు తిరిగింది. వెనక వచ్చేవాళ్లకు భోజనాల దారి తెలియాలి కదా, అందుకని దారి పొడుగునా చెట్లకు అరచేతి మందాన పసుపు రాసుకుంటూ పోయింది. ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. నీళ్లలో కలిపితే కారిపోతుందని పసుపును నువ్వులనూనెలో కలిపి తెచ్చింది. అలా రాసుకుంటూ రాసుకుంటూ ఒక పెద్ద మేపుల్ దగ్గరికి చేరాం. దాని కింద మంచమంత వెడల్పు రాయి. ఆకులన్నీ రాలిపోయి నేలంతా ఎర్రగా ఉంది. ఆంటీ సీసా పెట్టి దణ్ణం పెట్టుకుంది. అంత తృప్తిగా నేను అన్నం తిన్న రోజులు నా జీవితంలో చాలా లేవు.

వెనక్కి వస్తుంటే డగ్ ఆ పసుపు మచ్చలు చూసి ఆగిపోయాడు. "ఇది పోతుందా?" అని అడిగాడు. నేను ఆంటీని అడిగాను. "ఒక్క వానకే పోతుందని చెప్పు" అంది ఆవిడ ధీమాగా. నేను చెప్పాను. డగ్ తలూపాడు.

వాన పడింది. ఇంకో వాన కూడా పడింది. నూనెలో నానిన పసుపు చెట్టు బెరడులోకి దిగి ఇంకా నిగనిగలాడింది. తెల్లగుర్తుల దారిలో పసుపు గుర్తులు కనపడేసరికి, ఇటు పక్క చూడదగ్గదేదో ఉంది కాబోలు అనుకుని నడిచేవాళ్లంతా అటు మళ్లడం మొదలుపెట్టారు. రాయి దాకా వెళితే గుర్తులు అయిపోతాయి. ఏ జలపాతమో ఉంటుందనుకుంటే ఖాళీ రాయి. అక్కడినుంచి చెట్ల సందుల్లో మార్గరెట్ ఇంటి కప్పు కనపడుతుంది, దారి అడుగుదామని తిన్నగా ఆవిడ వంటింటి కిటికీ దగ్గరికి. ఒక ఆదివారం అలా వచ్చినవాళ్లు పెరటి గేటు తీసి, మళ్లీ వెయ్యడం మరిచారు. ఆవిడ ముసలి గుర్రం నింపాదిగా నడుచుకుంటూ పెద్దరోడ్డెక్కింది. దానికేమీ కాలేదు. ఎదురొచ్చిన ట్రక్కువాడికే గుండె ఆగినంత పనైంది.

మార్గరెట్ డగ్‌ని పిలిపించింది. డగ్ మమ్మల్ని తీసుకెళ్లాడు. ఆవిడ సన్నగా, పొడుగ్గా, రబ్బరు బూట్లతో గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. మావాళ్లు అంతకుముందే గిన్నెలు కడిగే సబ్బూ, పీచూ తీసుకెళ్లి చెట్లను రుద్దివచ్చారు. దాంతో అరచేతంత ఉన్న పసుపు పళ్లెమంత అయింది. ఆవిడ అది కూడా చూసింది. "టామ్ ఉన్నప్పుడు ఒప్పుకున్నాడని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడిక నాకు ఈ తలనొప్పి అక్కర్లేదు" అంది. టామ్ ఆవిడ భర్త, పోయి కొన్నేళ్లయింది. ఆవిడ అడవి ఆ ట్రయిల్‌కి సరిగ్గా నడుమ ఉంది. అది మూస్తే అటు దారీ ఇటు దారీ దేనికీ పనికిరాని ముక్కలవుతాయి. డగ్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, ఈ గుర్తులు పోయేవరకు జనం దారి తప్పకుండా మేం కాపలా ఉంటాం, ఒక్క అవకాశం ఇవ్వు అన్నాడు. చాలాసేపు ఆలోచించి ఆవిడ, "మంచు పడేదాకా చూస్తాను. మొదటి మంచు పడిన రోజు నా మాట చెబుతాను" అంది. నాకు దిగులు పట్టుకుంది. రిఫరెన్స్ పోతుందని కాదు. ఆ ఆదివారాలు పోతే వారం పొడుగునా నాకు మిగిలేది అపార్ట్‌మెంట్ గోడలూ, మురళి ఎప్పుడొస్తాడా అని లిఫ్టు చప్పుడు వినడమూను.

కాపలా ఎవరుండాలి? ఉద్యోగాలున్నవాళ్లకు హఠాత్తుగా ఆదివారాలన్నీ పనులొచ్చిపడ్డాయి. "నేనుంటాను. వసూ ఉంటుంది" అంది ఆంటీ. నన్ను అడగలేదు. వార్డెన్లు అడగరు. అలా ఆ చలికాలం ముందరి ఆదివారాలన్నీ, తెల్లగుర్తుల దారీ పసుపు బొట్ల దారీ విడిపోయే చోట రెండు ఫోల్డింగ్ కుర్చీలు వేసుకుని, ఒళ్లో దుప్పట్లు కప్పుకుని, మధ్యలో ఫ్లాస్కు పెట్టుకుని మేమిద్దరం కూర్చున్నాం. గుంటూరు బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చున్నప్పుడు కూడా అంత నిష్ఠగా కూర్చోలేదు. ఎవరైనా కనపడగానే ఆంటీ ఈల వేసేది. ఆనక చెయ్యి చాపి, "నో దిస్ వే! దిస్ వే, హార్స్! దట్ వే, కరెక్ట్!" అనేది. అడవి మధ్యలో చీరకట్టుకున్న మనిషి ఈల వేసి గుర్రం సంగతి చెబితే ఎంతటివాడైనా దట్ వేనే వెళతాడు.

ఇప్పుడైతే ఫోను తీస్తే నీలం చుక్క మనం ఎక్కడున్నామో చెబుతుంది, తప్పితే చిన్నగా గంట కొట్టి మరీ తప్పావంటుంది. ఆ చుక్క మాత్రం ఎవరికీ టీ పోయదు. మేం పోసేవాళ్లం. వారం తిరిగేసరికి దారి తప్పకపోయినా ఆగేవాళ్లు తయారయ్యారు. ఒక ముసలి జంట కేవలం అల్లం టీ కోసం వచ్చేది. ఒకాయన తన కుక్కకు కూడా హాజరు వేయమనేవాడు. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నా ఇంగ్లీషుకు పట్టిన వణుకు వదిలింది.

మూడో నాలుగో ఆదివారం అనుకుంటాను, మార్గరెట్ వచ్చింది. కాపలా సరిగ్గా ఉందో లేదో చూడటానికని మాకు అర్థమైంది. ఆంటీ ఏమీ పట్టనట్టు ప్లేటులో పులిహోర పెట్టి చేతికిచ్చింది. ఆవిడ ఒక పలుకు తీసి నమిలింది, ఇంకో పలుకు తీసింది, ఆ తర్వాత ప్లేటు ఖాళీ చేసింది. బాగుందని అనలేదు. పై ఆదివారం మాత్రం తన కుర్చీ తనే మోసుకొచ్చింది.

ఇద్దరికీ భాష కలవదు. మధ్యలో నేను. ఆవిడ గుర్రం వయసు చెబితే ఈవిడ మోకాళ్ల నొప్పి చెప్పేది. ఒకసారి మార్గరెట్ పసుపు మచ్చల వైపు చూస్తూ, ఆ రాయి టామ్‌ది అంది. రోజూ సాయంత్రం వెళ్లి దాని మీద కూర్చునేవాడట. ఆయన పోయాక తను అటు వెళ్లలేదట. కిటికీలోంచి అటు నుంచి మనుషులు నడిచొస్తుంటే మొదటిసారి చూసి ఒక్క క్షణం ఏమనుకుందో చెప్పబోయి ఆగిపోయింది. నేను తెలుగులో చెప్పాను. ఆంటీ దుప్పటి మడిచి కుర్చీ మీద పెట్టి లేచింది.

"ఆవిణ్ణి లేవమను" అంది నాతో.

"ఎక్కడికి, ఆంటీ?"

"ఎక్కడికేంటే, రాయి దగ్గరికి. మా హాస్టల్లో కూడా ఇంతే. తండ్రి పోయిన పిల్ల ఊరికి వెళ్లనంటుంది. ఎన్నాళ్లు వెళ్లకపోతే అంత భయం పెరుగుతుంది. మనం పక్కనుండి తీసుకెళ్లాలి. లే లే, చీకటి పడుతుంది."

నేను దాన్ని ఇంగ్లీషులో కాస్త మెత్తగా చెప్పబోయాను. ఈలోపే ఆంటీ మార్గరెట్ మోచెయ్యి పట్టుకుని లేపేసింది. ఆకుల కింద దారి ఆనవాలే లేదు. చెట్టు చెట్టుకూ మిగిలిన పసుపు చూసుకుంటూ ముగ్గురం నడిచాం. రాయి దగ్గర మార్గరెట్ ఆగింది. చేత్తో దాని మీది ఆకులు తుడిచింది. ఒక చివర కూర్చుంది, మధ్యలో కూర్చోలేదు. ఆంటీ రెండో చివర కూర్చుంది. నేను నిలబడి ఏడ్చాను. ఎందుకని అప్పుడు అడిగితే చెప్పలేకపోయేదాన్ని. నా ఊరు, నా బ్యాంకు, నా అమ్మ చేతి అన్నం, అన్నీ ఆ రాయి మీదే ఉన్నట్టు ఏడ్చాను. ఇద్దరిలో ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.

మొదటి మంచు శనివారం రాత్రి పడింది. ఆదివారం పొద్దున అందరం వచ్చాం, పనులున్నవాళ్లు కూడా. మార్గరెట్ ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో బ్రష్షు పట్టుకుని వచ్చింది. టామ్ ట్రాక్టరుకు వేయగా మిగిలిన పసుపు పెయింటు అది. డబ్బా డగ్ చేతిలో పెట్టి, "వీళ్లు చేసింది ఎలాగూ పోయేలా లేదు. రాయి దాకా సరిగ్గా వెయ్యి. పెరటి గేటుకు దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించు" అంది. డగ్ మళ్లీ టోపీ తీశాడు. ఆంటీ నా వైపు తిరిగి, ఇదంతా తను మొదటినుంచీ అనుకున్న పథకమే అన్నట్టు తలెగరేసింది. తెల్లగుర్తుల క్లబ్బులో ఒకే ఒక్క పసుపు ట్రయిల్ అలా పుట్టింది.

నాకు ఉద్యోగం కూడా అలాగే వచ్చింది. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు ఇంటర్వ్యూలో, కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎప్పుడైనా వ్యవహరించారా అని అడిగితే, గుర్రం దగ్గర మొదలుపెట్టి మార్గరెట్ దాకా చెప్పాను. కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు. మా దండులో చాలామంది రిఫరెన్సులు చేతికందగానే అడవిని మరిచి రిచ్‌మండ్ హిల్‌లో ఇళ్లు కొనుక్కున్నారు. నేనూ ఆంటీ మాత్రం ఆవిడ మోకాళ్లు నడిచినన్నాళ్లూ ప్రతి కార్తీకంలోనూ వెళ్లి ఆ రాయి మీద మార్గరెట్‌తో కలిసి అన్నం తిన్నాం. ముందు డగ్, తర్వాత ఆంటీ, పోయినేడు మార్గరెట్, ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఆంటీ కర్మకాండ రోజున మార్గరెట్ రబ్బరు బూట్లతోనే వచ్చింది, కుర్చీ తెచ్చుకుని.

ఇప్పుడు ఆ దారికి యాప్‌లో నక్షత్రాలున్నాయి. ఆ పసుపు గుర్తులు పాతకాలపు సర్వేయర్లు వేసినవని ఎవరో మహానుభావుడు అక్కడ రాశాడు. కింద ఇంకొకరు, చరిత్రను కళ్లకు కట్టారని మెచ్చుకున్నారు. హైకింగ్‌కి వచ్చే మన పిల్లలు స్పీకర్లో పాటలు పెట్టుకుని, మేపుల్ కింద రీలు తీసుకుని, బిరియానీ ఆర్డర్ చేయడానికి సిగ్నల్ దొరకలేదని తిట్టుకుంటూ పోతారు. వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. మేం మాత్రం అడవిని చూసి వెళ్లామా, రిఫరెన్స్ చూసే కదా. కాకపోతే మమ్మల్ని హాజరు వేసి కూర్చోబెట్టే మనిషి ఒకరు ఉండేది.

శనివారం పొద్దున మేఘ నన్ను కారులో తీసుకెళ్లింది. తెల్లగుర్తుల దారిని క్లబ్బు ముందే రోడ్డు మీదికి మళ్లించేసింది, మిగిలింది పసుపుదే. కెవిన్ నా చేతికి బ్రష్షు ఇచ్చి, బూడిదరంగు చెట్టు బెరడులో కలిసిపోతుందని, ఏడాది తిరిగేసరికి ఇక్కడ దారి ఉండేదని ఎవరికీ తెలియదని ఉత్సాహంగా చెప్పాడు. అతని ఉద్దేశం నన్ను ఓదార్చడమే. నేను ఒక్కో చెట్టూ కప్పుకుంటూ వెళ్లాను. పని బాగా చేశాను. చెయ్యేస్తే పూర్తిగా చెయ్యాలని ఆంటీయే అనేది. చివరికి మేపుల్ దగ్గరికి వచ్చాం. దాని గుర్తును కూడా కప్పేశాను. అప్పుడు సంచిలోంచి భరిణె తీశాను. ఆ పొద్దునే శుభ్రంగా తోమి, కొత్త పసుపు కలిపి తెచ్చాను. అడక్కుండా చెయ్యేశానుగా, కనీసం ఇప్పుడైనా అడగాలి. అటునుంచి వచ్చేవాళ్లకు కనపడకుండా, చెట్టుకు రాయి వైపున, వేలెడంత బొట్టు పెట్టాను.

"అమ్మా, ఈజ్ దట్ అలవ్డ్?" అంది మేఘ గుసగుసగా.

కెవిన్ చూడనే చూశాడు. పాపం, కసురుకోవడం అతనికి చేతకాదు. తల గోక్కుని, "వానకు పోతుందిగా?" అని అడిగాడు.

"ఒక్క వానకే పోతుంది" అన్నాను.

కెవిన్ తలూపాడు. అచ్చం డగ్ లాగే ఊపాడు. నూనెలో కలిపానని నేను చెప్పలేదు.